గంపెడు తల్లిమట్టి

రైలుకట్ట వెనక షెడ్డు,
గింజలు మొలిచిన వారం

అక్కా,

కోపం తగ్గిందా? తగ్గకపోయినా తగ్గినట్టు మొహం పెట్టి ఇది చదువు. బావ పక్కనే ఉంటే ఆయనకి వినబడేలా పైకి చదువు. లేకపోతే నేను రాసిన నాలుగు మంచి మాటలూ మింగేసి ఆయనకి చెడ్డవే చెబుతావు.

మొక్కలు పెంచడానికి మేం తీసుకున్న షెడ్డు బాగుంది. రైలు వెళ్ళినప్పుడల్లా గోడ పక్కన కుండీలన్నీ గజగజలాడతాయి. మీ మరిది మొదటి రెండు రోజులూ ఉలిక్కిపడ్డారు, ఇప్పుడు రైలు రాకపోతే నిద్ర పట్టదంటున్నారు.

నువ్వు దెయ్యం అని పేరు పెట్టిన బాయిలరు భేషుగ్గా పనిచేస్తోంది. మట్టిని గుట్టగా పోసి, మీద పట్టా కప్పి, కింద గొట్టంలోంచి ఆవిరి వదులుతాం. చల్లారాక పట్టా తీసి చూస్తే ఎంత శుభ్రమో! చీమ లేదు, ఎర్ర లేదు, నులిపురుగు లేదు, కలుపు గింజ లేదు. వేరుకుళ్ళు అన్న మాటే ఈ షెడ్డులో వినబడదు. నాన్న మళ్ళలో ఏటా ఎన్ని మొక్కలు మెడ వాల్చేసేవో నీకూ తెలుసు. ఒప్పుకోవు గానీ.

నారింజ గింజలు దాదాపు అన్నీ లేచాయి. కొండ దిగువ తోట యజమాని వచ్చి చూసుకుని, మొక్కలన్నీ నాకే అని మాటిచ్చి వెళ్ళాడు. వానలు వెళ్ళేలోపు మోకాలెత్తు రావాలట. వస్తే ఈ షెడ్డులో మేం నిలదొక్కుకున్నట్టే. రాకపోతే షెడ్డు ఇచ్చినాయన తాళం అడుగుతాడు. వస్తాయిలే. నాన్న కూతురు పెంచిన మొక్కలు.

నీ చెల్లి

*

కాలవ గట్టు నర్సరీ,
నీ ఉత్తరం అందిన మర్నాడు

చెల్లీ,

పైకే చదివాను. మీ బావ బస్సు డిపో నుంచి వచ్చి బూట్లు విప్పుకుంటూ విన్నారు. "పిల్ల బాగుపడింది" అన్నారు.

చీమ లేదు, ఎర్ర లేదు అని గొప్పగా రాశావు. అద్దెవాళ్ళు ఖాళీ చేసిపోయిన ఇల్లు కూడా శుభ్రంగానే ఉంటుంది. అందులో ఎవరు పొయ్యి వెలిగిస్తారు?

నాన్న కొత్త మడి ఎప్పుడు వేసినా పాత మడిలోంచి గంపెడు మట్టి తెచ్చి చల్లేవారు. తల్లిమట్టి అనేవారు. పాలకి తోడు వేసినట్టు. నువ్వు ముక్కు మూసుకుని గట్టు మీద నిలబడేదానివి కాబట్టి నీకు గుర్తుండదు. ఎర్ర, అదే వానపాము, బొక్కలు చేస్తే వాటిలోంచి గాలీ నీరూ దిగుతాయి. రాలిన ఆకుని పురుగు కొరుకుతుంది, మిగిలినదాన్ని బూజు మెత్తబరుస్తుంది, కంటికి కనబడనివి దాన్ని అరిగించి వేరుకి అందిస్తాయి. వేరు కూడా ఊరికే తినదు. ఆకులో వండుకున్న తీపిలో కొంత వాటికి పెడుతుంది. అందరూ ఒకరికొకరు వడ్డించుకునే పంక్తి అది. నువ్వు భోజనాలకి కూర్చున్నవాళ్ళనే ఉడకబెట్టి, ఇక వడ్డన మొదలెట్టండి అంటున్నావు.

నా మళ్ళు బాగున్నాయి. తూర్పు మూల మడి మాత్రం ఈ ఏడు ఖాళీగా వదిలాను, దానికీ కాస్త విశ్రాంతి కావాలి కదా. నాన్న మట్టిలో రోగం ఉందన్న మాట ఇంకెప్పుడూ రాయకు. కొనేవాళ్ళ చెవిన పడితే నేను గేటు తెరవక్కర్లేదు.

మరిదికి చెవుల్లో దూది పెట్టుకోమని చెప్పు.

అక్క

*

రైలుకట్ట వెనక షెడ్డు,
వానలు మొదలైన వారం

అక్కా,

ఈ ఉత్తరం పైకి చదవకు.

మొక్కలు ఆగిపోయాయి. వేలెడెత్తు వచ్చి అక్కడే నిలబడ్డాయి. ఆకులు పసుపెక్కాయి, చిగుళ్ళు లేవు. చచ్చిపోవు, పెరగవు. నీళ్ళు తగ్గించి చూశాను, పెంచి చూశాను. భాస్వరం ఎరువు వేశాను, ఇంకాస్త వేశాను. గోడకి వేసినట్టే ఉంది.

ఒక విచిత్రం ఉంది. మళ్ళలో అక్కడక్కడా పళ్ళెమంత గుండ్రాలు పచ్చగా ఉన్నాయి. ఆ గుండ్రంలో మొక్కలు జానెడెత్తు, నల్లటి పచ్చదనం. జానెడు అవతల మొక్క మాత్రం పసుపు. అదే మట్టి, అవే గింజలు, అవే నీళ్ళు. రోజూ పొద్దున్నే వాటి దగ్గర గొంతుక్కూర్చుని చూస్తాను. నాకేమీ అర్థం కాదు. మీ మరిది పక్కన నిలబడి ఏమీ అడగరు. అడిగితేనే బాగుండు.

తోట యజమాని మనిషి ఒకడు నిన్న వచ్చి కొలబద్ద పెట్టి చూసుకుని, పెదవి విరిచి వెళ్ళిపోయాడు.

నువ్వే గెలిచావు. ఉడికిన మట్టిలో పంక్తి లేదు, వడ్డించేవాళ్ళు లేరు. గంపెడు తల్లిమట్టి పంపు అక్కా. నాన్న మట్టి. మళ్ళన్నిటికీ తలా పిడికెడు చల్లుకుంటాను. ముక్కు మూసుకోను.

చెల్లి

*

కాలవ గట్టు నర్సరీ,
శుక్రవారం

చెల్లీ,

మట్టి ఇవ్వను.

చెత్తకుప్ప అన్నావు దాన్ని. ఈ గుమ్మంలో నిలబడి, నాన్న చనిపోయిన ఏడాదే, బయటివాళ్ళు వింటుండగా అన్నావు. అక్కా, నువ్వు అమ్మేది మొక్కలు కాదు, రోగాలు అన్నావు. ఇప్పుడు ఆ చెత్తే గంపెడు కావాలా? బాయిలరు ఉందిగా, దాన్ని అడుగు.

నా మట్టి ఎవ్వరికీ ఇవ్వను. నువ్వనే కాదు, ఎవ్వరికీ. మళ్ళీ అడగకు. వేరే ఏదైనా అడుగు.

అక్క

(అంచున, వేరే సిరాతో)
మరదలా, పోస్టు చెయ్యమని నా చేతికిచ్చింది. అంటించకముందే చదివేశాను, తప్పే. దానికి ముక్కు మీద కోపం, నీకు తెలీనిదా. ప్రతి శనివారం పొద్దున సంతకి వెళ్తుంది, సాయంత్రం దాకా రాదు. నాలుగు రోజుల్లో నీకిది అందుతుంది కాబట్టి వచ్చే శనివారం రా. తూర్పు మూల మడి ఖాళీగానే పడుంది, అందులోంచి తీసుకెళ్తే మొక్కా పోదు, ఎవరికీ తెలీదు. మట్టి కోసం అక్కచెల్లెళ్ళు కొట్టుకోవడమేంటమ్మా. నాకు బస్సుల సంగతే తెలుసు గానీ, ఇది మాత్రం బాలేదు. — బావ

*

కాలవ గట్టు నర్సరీ,
సంత మర్నాడు, ఆదివారం

చెల్లీ,

నిన్న నేను సంతకి వెళ్ళి వచ్చేసరికి తూర్పు మూల మడిలో గంపెడు గొయ్యి తవ్విన జాడ కనబడింది. పందికొక్కు తవ్వి ఉంటుంది. ఈ కాలం పందికొక్కులు చెప్పులు వేసుకుని తిరుగుతున్నట్టున్నాయి, ఎడమ మడమ అరిగిన చెప్పు. మీ బావని అడిగితే నిద్రపోయానన్నారు. టీ గ్లాసులు మాత్రం రెండు కడిగి బోర్లించి ఉన్నాయి.

నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది. చిన్నప్పుడు నా జామకాయలు నువ్వు ఎత్తుకుపోయి, తొడిమలు మాత్రం నా దిండు కింద పెట్టేదానివి గుర్తుందా? పందికొక్కుకి కూడా అంత తెలివే ఉంది. గొయ్యి పూడ్చి, పైన ఎండుటాకులు చల్లి మరీ వెళ్ళింది.

పోనీలే. తవ్వుకున్నది తవ్వుకుంది. దాన్ని పట్టుకుని ఏం చేస్తాను?

ఇక్కడ వాన జోరుగానే ఉంది. మరిది ఎలా ఉన్నారు? నువ్వు తిండి సరిగా తిను. బావ నువ్వు చిక్కిపోయావన్నారు. ఎప్పుడు చూశారో మరి, నిద్రలో చూసి ఉంటారు.

అక్క

*

రైలుకట్ట వెనక షెడ్డు,
ఒక నెల తర్వాత

అక్కా, నా బంగారు అక్కా,

పందికొక్కు నీకు వంగి వంగి దండాలు పెడుతోంది.

నా నెత్తిన పాలు పోశావు. పచ్చబడుతున్నాయి! మొదట మడి అంచుల్లో, ఆ తర్వాత లోపలికి. చిగుళ్ళు వచ్చాయి. మీ మరిది పొద్దున్నే లేచి కొలబద్ద పట్టుకుని మళ్ళ వెంట తిరుగుతున్నారు, ఆయన మొహంలో నవ్వు చూసి ఎన్నాళ్ళయిందో. ఇదివరకే పచ్చగా ఉన్న గుండ్రాల మీద మాత్రం మట్టి చల్లలేదు, వాటికి కొరత లేదని. మిగతా అన్నిటికీ పిడికెడు పిడికెడు పంచాను.

ఒక మొక్కని పీకి మట్టి పరీక్షశాలకి పట్టుకెళ్ళాను. అక్కడి పెద్దాయన వేరుని మైక్రోస్కోపు అద్దం కింద పెట్టి నన్ను చూడమన్నాడు. అక్కా, ఎంత సన్నటి దారాలో! ఒక రకం మంచి బూజట, సాలెపట్టు కన్నా సన్నం. వేరులోపల మొదలై, వేరు చేరలేని సందుల్లోకి పాకి, అక్కడ చిక్కుకున్న భాస్వరాన్ని లాక్కొస్తాయట. "నువ్వు వేసిన ఎరువు అక్కడే ఉందమ్మా, తెచ్చిపెట్టేవాళ్ళు లేక మొక్క పస్తులుంది" అన్నాడాయన. ఉడకబెట్టినప్పుడు చంపింది వాళ్ళనే. నాకు అద్దంలో నాన్న కనబడ్డారు, నిజంగా. గంప నెత్తిన పెట్టుకుని.

మొక్కలు బండి ఎక్కేముందు ఒకసారి వచ్చి చూడు. నువ్వు రాకపోతే నాకు సంతోషం సగమే.

చెల్లి

*

కాలవ గట్టు నర్సరీ,
మబ్బు పట్టిన రోజు

చెల్లీ,

సంతోషం. నేను రాలేను, ఇక్కడ పని.

మళ్ళలో నీళ్ళు నిలవనివ్వకు. కాలవలు లోతు చేయించు. మొక్క మొదట్లో బెరడు చూస్తూ ఉండు, తడిగా గానీ గోధుమరంగుగా గానీ కనబడితే ఆ మొక్కని చుట్టూ మట్టితో సహా తీసి దూరంగా పారెయ్యి. ఒక మడిలో వాడిన పార ఇంకో మడిలో పెట్టకు. ఊరికే చెబుతున్నాను. వానాకాలం కదా.

ఎందుకని అడగకు, చెప్పినట్టు చెయ్యి. పెద్దదాన్ని.

అక్క

*

రైలుకట్ట వెనక షెడ్డు

అక్కా,

నువ్వు చెప్పినట్టే చేశాను. ఎందుకని అడగలేదు. కాలవలు తవ్వించాను, పారలు కడిగించాను. అప్పటికే అయిపోయింది.

ముందు కాలవ పక్క మొక్కలు ఆకులు వేలాడేశాయి. నీళ్ళలో నిలబడి దాహంతో చచ్చినట్టు. పీకి చూస్తే వేరు మీద తోలు చేతివేళ్ళ మధ్య జారిపోయి, లోపల దారప్పోగు ఒక్కటే చేతిలో మిగిలింది. ఆ వాసన నాకు తెలుసు. నేను ముక్కు మూసుకున్నది ఆ వాసనకే, చెత్తకుప్ప అన్నది ఆ వాసనకే. వారం తిరిగేసరికి మళ్ళన్నీ అదే వాసన.

పరీక్షశాల పెద్దాయన వచ్చి చూశాడు. వేరుకుళ్ళు, బయటి మట్టితో వచ్చింది అన్నాడు. ఉడికిన మట్టిలో దాన్ని అడ్డుకునే ప్రాణి ఏదీ లేదు కాబట్టి తెరిచిన ఇంట్లో దొంగలా తిరిగిందట. పచ్చటి గుండ్రాలు చూసి తల పట్టుకున్నాడు. "ఆవిరి సరిగా తగలని చోట దారాలు బతికాయి. ఇక్కడి మట్టే పిడికెడు పిడికెడు పంచుకుంటే సరిపోయేదమ్మా, ఎక్కడికో ఎందుకెళ్ళావు?" అన్నాడు. ఎక్కడికో కాదు, మా నాన్న ఇంటికి వెళ్ళాను అన్నాను.

బావ వచ్చారు. మళ్ళు చూసి కుండీ మీద కూలబడ్డారు. తూర్పు మూల మడిలో మొక్కలన్నీ నువ్వు విత్తనాల కాలానికి ముందే పీకి, పెరటి వెనక కాల్చేశావట. కలుపు అని చెప్పావట ఆయనకి. విశ్రాంతి అని రాశావు నాకు.

నువ్వు మట్టి ఇవ్వనన్నావు. దానికి నేను నిన్ను ఏమీ అనను. ఎత్తుకొచ్చింది నేను. కానీ నీ పందికొక్కు ఉత్తరం అందిన రోజుకి నేనింకా సంచి మూతి విప్పలేదు, అక్కా. తెచ్చి గుమ్మం పక్కన పెట్టి, నువ్వు వద్దన్నది తెచ్చానే అని మనసొప్పక, దాన్ని చూస్తూ తిరుగుతున్నాను. నీ ఉత్తరం వచ్చింది. చదివి పగలబడి నవ్వాను. మీ మరిదిని పిలిచి చదివి వినిపించాను. అక్క చూసీ చూడనట్టు వదిలేసింది, అక్క ఒప్పుకుందీ అన్నాను. ఆ సాయంత్రమే సంచి విప్పాను.

నీకు చెప్పు అచ్చు కనబడింది. అరిగిన మడమ కనబడింది. ఏ మడిలోంచి పోయిందో కనబడింది. ఆ మట్టిలో ఏముందో ప్రపంచంలో నీ ఒక్కదానికే తెలుసు. ఒక్క ముక్క రాయడానికి చెయ్యి రాలేదా? జామకాయల గురించి రాయడానికి వచ్చింది కదా.

ఎంత కసి ఉండాలి నీకు. నా కడుపులో నిప్పులు పోశావు.

*

కాలవ గట్టు నర్సరీ,
గేటు మూసేసిన రోజు

చెల్లీ,

ఆ ఉత్తరం రెండుసార్లు రాశాను. మొదటిదాంట్లో ఉన్నదున్నట్టు రాసి, చింపేశాను. కుళ్ళు అన్న మాట నా చేత్తో రాస్తే ఆ రోజు గుమ్మంలో నువ్వన్నది నిజమైపోతుంది. నాన్న మట్టి గురించి ఆ మాట రాయలేకపోయాను. నీ మళ్ళు కొత్తవి, నీళ్ళు ఇంకిపోతాయి, ఏమీ కాదులే అనుకున్నాను. అలా అనుకోవాలని అనుకున్నాను. ఇవ్వనన్నదాన్ని దొంగిలించావన్న కోపమూ ఉంది. అది లేదని చెప్పను.

నువ్వు పచ్చబడ్డాయని రాసినప్పుడు నేను రాత్రంతా ఏడ్చాను. బావకి చెప్పలేదు. ఇప్పుడు ఆయన నాతో మాట్లాడడం లేదు.

మొక్కల ఇన్‌స్పెక్టర్ని నేనే పిలిచాను. రోగం అన్ని మళ్ళలోనూ ఉందట. మొక్కలన్నీ కాల్పించి గేటుకి సీలు వేశాడు. మట్టికంతా ఆవిరి పెడితే తప్ప ఇక్కడ గింజ వెయ్యకూడదన్నాడు. నాన్న మట్టిని నేనే ఉడకబెట్టాలి. నువ్వు నవ్వాలనుంటే నవ్వు, నేనేమీ అనుకోను.

అడగడానికి మొహం చెల్లడం లేదు. అయినా అడుగుతున్నాను. నీ బాయిలరు కొన్నాళ్ళు పంపు. ఉడికిన మట్టికి తోడు కావాలి కదా. నా దగ్గర ఇక ప్రాణమున్న మట్టి గుప్పెడు లేదు. నీ మళ్ళ ఎత్తు అంచున పచ్చటి గుండ్రాలు రెండు బతికి ఉన్నాయని బావ ఇంకెవరితోనో అంటుంటే విన్నాను. అక్కడిది గంపెడు ఇవ్వు. నాన్న గంపే పంపుతున్నాను.

నన్ను తిట్టు. కానీ పంపు.

అక్క

*

అద్దె గది, గోదాముల వీధి

అక్కగారికి,

మీ ఉత్తరం అందింది.

బాయిలరు బావగారితో పంపుతున్నాను. పట్టా, గొట్టాలు కూడా ఉన్నాయి. కొన్నాళ్ళకి కాదు, ఉంచేసుకోండి. షెడ్డు తాళం ఇచ్చేశాం, మాకు దాంతో పని లేదు. మీ మరిది గోదాములో బస్తాలు మోసే పనికి కుదిరారు. ఇక్కడికి రైలు చప్పుడు వినబడదు. ఆయనకి నిద్ర పట్టడం లేదు.

గుండ్రాల్లో మొక్కల్ని మట్టితో సహా డబ్బాల్లోకి తీసి తెచ్చుకున్నాను. కిటికీ కింద వరసగా ఉన్నాయి. మోకాలెత్తు దాటాయి.

మట్టి పంపలేను. చూడ్డానికి నల్లగా, మంచి వాసనతోనే ఉంది. కానీ ఆ షెడ్డులో ఇన్నాళ్ళు ఉన్న మట్టి. ఇందులో ఇంకేముందో నాకు తెలియదు. తెలియకుండా ఇంకొకరి మళ్ళలోకి పంపడం తప్పని నేను ఈ ఏడు నేర్చుకున్నాను. తెలిసినది రాయకపోవడం ఇంకా తప్పు కాబట్టి, ఇదీ రాస్తున్నాను. పరీక్షశాల పెద్దాయన మొన్న ఈ డబ్బాల్లో మట్టి చూశాడు. రోగం లేదన్నాడు. నిక్షేపంగా ఉందన్నాడు.

అయినా పంపను.

నాన్న గంప కడిగి పంపుతున్నాను. లోపల వెతకకండి, ఏమీ లేదు.